ముందొచ్చే ముసాఫిర్

మొన్న నరసరావుపేటలో కంటి ఆసుపత్రికి వెళ్ళాను. నర్సు పిల్ల నా రెండు కళ్ళలోనూ చుక్కల మందు వేసి, "మామ్మగారూ, ఒక గంట కళ్ళు మూసుకుని ఆ బెంచీ మీద కూర్చోండి. ఎటూ లేవమాకండి" అంది.

"గంటంటే ఎవరి గంటే?" అన్నాను నోటికొచ్చినట్టు.

ఆ పిల్లకు అర్థం కాలేదు. "గంటంటే గంటే మామ్మా" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. దానికి అర్థం కాకపోవడంలో తప్పేముంది! ఆ మాట నాది కాదు. ముప్పై అయిదేళ్ళు దాటిపోయింది ఆ మాట నేను వినక. కళ్ళు మూసుకున్నాను కదా, ఇక చేసేదేముంది, ఆ మాట ఎవరిదో ఆ మనిషి వచ్చి నా పక్కనే బెంచీ మీద కూర్చున్నారు.

ఆయన గురజాలలో గడియారాలు బాగుచేసేవారు. ఊళ్ళో అందరూ గడియారం సాయిబు అనేవారు. అసలు పేరు నాకు తెలియక కాదు, ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. నేను ఆయనకు చేసిన నిర్వాకానికి ఆ పేరు పలికే యోగ్యత నాకుందా అని ఇప్పటికీ అనుమానమే. అదేమిటో చెబుతాను.

కోర్టుకు వెళ్ళే దారిలో, ఒక మిద్దె మెట్ల కింద ఉండేది ఆయన కొట్టు. కొట్టంటే కొట్టు కాదు, మనిషి కూర్చుంటే మోకాళ్ళు వీధిలోకి వచ్చేవి. వెనక గోడకు పెద్ద గోడ గడియారం. దాని ముందు ఆయన. కుడి కంటికి నల్ల గొట్టంలాంటి భూతద్దం, చేతిలో పట్టకారులాంటి సన్నటి చిమటా, ఒళ్ళో తెల్ల గుడ్డ. రెంటచింతల నుంచీ దాచేపల్లి నుంచీ వాయిదాలకొచ్చే రైతులు బస్సు దిగి నేరుగా కోర్టుకు పోయేవాళ్ళు కాదు, ముందు ఈ కొట్టు దగ్గర ఆగేవాళ్ళు.

"సాయిబూ, టైమెంతయింది?"

ఆయన నోటితో చెప్పేవారు కాదు. భుజం పక్కకు జరిపేవారు. వెనక గడియారం కనిపించేది, అంతే.

"చెబితే నీ సొమ్మేం పోద్దయ్యా!" అని ఒకాయన విసుక్కోవడం నేను విన్నాను.

"నేను చెబితే నా మాట అయిద్ది. అది చెబితే టైమయిద్ది" అన్నారాయన, చిమటా మీంచి చూపు తియ్యకుండా.

గడియారం చూడ్డం రానివాళ్ళకు మాత్రం లేచి, ముల్లు చూపించి, "ఇది ఇక్కడికొచ్చినప్పుడు నీ పేరు పిలుస్తారు. అందాకా టీ తాగు, పో" అనేవారు. ఎవరైనా "గంటలో వస్తా" అంటే ఊరుకునేవారు కాదు. "ఎవరి గంట? నీ గంటా, కోర్టు గంటా, రేడియో గంటా?" అనేవారు. రేడియో గంట అంటే ఆయన దృష్టిలో అసలు గంట. వార్తల ముందు వచ్చే ఆ కీచు చప్పుడుకు రోజూ ఉదయం తన గోడ గడియారాన్ని సరిచూసుకునేవారు. ఆ వేళప్పుడు ఎవరు పలకరించినా చెయ్యెత్తి ఆపేవారు, నమాజులో ఉన్నంత శ్రద్ధగా.

బాగుచేసిన వాచీ ఇచ్చేటప్పుడు ఇంకో తమాషా. వాచీని మన చేతికిచ్చేవారు కాదు, చెవి దగ్గర పెట్టేవారు. "చూడమాకండి. వినండి" అనేవారు. మనకు వినపడిందని తల ఊపేదాకా ఇచ్చేవారు కాదు. ఊళ్ళో అందరి మణికట్లకూ వాచీలు సరిచేసి పెట్టిన మనిషి, తన చేతికి మాత్రం ఏమీ పెట్టుకునేవారు కాదు. అడిగితే, "నేనెక్కడికన్నా పోవాల్నా, ఎవరన్నా నాకోసం చూస్తన్నారా?" అని నవ్వేవారు. ఆ నవ్వులో నవ్వు తక్కువ.

నేను శావల్యాపురం దాన్ని. మా నాన్న చర్చి బడిలో పంతులు. నాకు గురజాల ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా ఉద్యోగమొచ్చింది. ఎనభైల చివరి మాట ఇది. ఆ మెట్ల పైనే నా గది. ఆయన కాపురం కొట్టు వెనక గదిలో. పై మిద్దె ఇద్దరికీ ఉమ్మడి. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు, నోటి దురుసు ఇప్పటికన్నా ఎక్కువ. బడిలో పిల్లలు భయపడేవారు, తోటి టీచర్లు దూరంగా ఉండేవారు. బడి వదిలాక మర్నాడు బడి పెట్టేదాకా నాతో మాట్లాడే ప్రాణి లేదు. ఆదివారం చర్చిలో ఎవరైనా "బాగున్నావా అమ్మా" అంటే ఆ వారానికి అదే నాకు సంభాషణ. ఆ సంగతి అప్పట్లో ఒప్పుకునేదాన్ని కాదనుకోండి.

ఒక సాయంత్రం పొద్దు గూకాక ఆరేసిన బట్టలు తీద్దామని మిద్దె ఎక్కాను. నాపరాళ్ళ మీద నులక మంచం, మంచం మీద వెల్లకిలా సాయిబు గారు, చేతిలో జేబు గడియారం. పైన ఉత్తరం నుంచి దక్షిణానికి కట్టిన ఇనుప తీగ. నేను బట్టలారేసేది దాని మీదే! నా చీర లాగబోతే ఆయన చెయ్యెత్తారు.

"ఆగు బిడ్డా, తీగ ముట్టమాక. ముసాఫిర్ వస్తున్నాడు."

ఎవరా అని మెట్ల వైపు చూశాను. ఆయన వేలితో పడమట చూపించారు. ఒక చుక్క. నక్షత్రమే అనుకున్నాను, కానీ కదులుతోంది. చప్పుడు లేదు, మినుకు లేదు. తిన్నగా పైకి వచ్చి, తీగను దాటింది. ఆయన బొటనవేలి కింద గడియారం మీట టిక్కుమంది. చుక్క తూర్పుకు సగం దూరం పోయి, ఎవరో వత్తి తగ్గించినట్టు ఆరిపోయింది.

"శాటిలైటు" అన్నాను, టీచరు గొంతుతో.

"ఏదైతే ఏందమ్మా, ముసాఫిరే గదా, బాటసారి. ఎక్కడా ఆగడు."

మంచం కోళ్ళ కింద నాపరాయి మీద సుద్దముక్కతో నాలుగు గుర్తులు గీసి ఉన్నాయి. రోజూ మంచం అక్కడే వెయ్యాలి, తల అక్కడే పెట్టాలి, తీగ దాటిన క్షణాన్ని పట్టుకోవాలి. పాత క్యాలెండర్ కాయితాల వెనక ఆ టైములన్నీ ఉర్దూ అంకెల్లో రాసుకునేవారు. వారం పది రోజులు కనిపిస్తాడట, రోజుకు ఇరవై చిల్లర నిమిషాలు ముందుకు జరుగుతూ. తర్వాత నెలా నెలన్నర మాయం. మళ్ళీ వచ్చేది ఏ రోజో, ఎన్నింటికో ఈయన లెక్క కట్టి చెప్పేవారు. చెప్పిన రోజుకు, చెప్పిన టైముకు వచ్చేవాడు. నేను పరీక్షగా చూశాను. వచ్చాడు!

"మీ మనిషి మాట తప్పడు బాబాయ్" అన్నాను. ఆ రోజునుంచి సాయిబు గారు కాస్తా నాకు బాబాయ్ అయ్యారు.

ఆయన భార్య పోయిన ఏడు మొదలైందట ఈ అలవాటు. "పొద్దు గూకే యాళకు ఆమె దీపం పెట్టేది. ఆమె పొయినాక ఆ యాళకు గదిలో ఉండలేకపోయానమ్మా. పైకొచ్చి పడుకున్నా. మూడో రోజో నాలుగో రోజో ఈడు కనపడ్డాడు." అంతకుమించి ఆమె గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

అయితే అసలు సంగతి అది ఒక్కటే కాదు. ఇంకొకటుంది, అది చాలా రోజులకు గాని చెప్పలేదు. ఆయనకు అరవై నిండాయి. చేసేది కంటి పని. వెంట్రుకంత స్ప్రింగు మెలిక పడితే చూసి విడదియ్యాలి. ఆయన అన్న కొడుకు ఒకతను బస్టాండు దగ్గర అంకెల వాచీలు అమ్మేవాడు, ప్లాస్టిక్‌వి, గంటగంటకూ కీచుమనేవి. "చిచ్చా, నీకు చూపు ఆనట్లేదు. కొట్టు నాకియ్యి, కూర్చుని తిను" అని పోరు పెట్టేవాడు. మంచివాడే, దురాశ ఏమీ లేదు. నిజంగానే చూపు పోయిందనుకునేవాడు.

"చూపు పొయ్యిందో లేదో ఎవర్నడిగితే తెలుసుద్ది? అందుకని ముసాఫిర్నడుగుతున్నా" అన్నారాయన. "ఈడు నాకు కనపడ్డన్నాళ్ళు, తీగ మీద టయానికి నా చెయ్యి పడ్డన్నాళ్ళు, కొట్టు నాదే. అన్న కొడుక్కు అదే చెప్పా."

అంటే అర్థమైందా? కళ్ళ డాక్టరు దగ్గరికి పొమ్మంటే పోని మనిషి, ఆకాశంలో పోయే ఇనప ముక్క దగ్గర రోజూ కళ్ళ పరీక్ష చేయించుకుంటున్నాడు! ఆ చుక్కను పట్టుకోగలిగితే ఆయన ఇంకా గడియారం సాయిబు. పట్టుకోలేకపోతే అన్న కొడుకింట్లో ఒక మూల కూర్చునే ముసలాయన.

ఆ ఏడు అలాగే ఒక విడత మాయమైన ముసాఫిర్, ఆయన లెక్కకన్నా నాలుగు నిమిషాలు ముందొచ్చాడు.

ఆయన కంగారు పడి ముందు తన గడియారాన్నే అనుమానించారు. గోడ గడియారం దింపి, లోలకం విప్పి, పొద్దున్నే రేడియో కీచుకు సరిచూశారు. సెకను తేడా లేదు. మర్నాడు ముసాఫిర్ లెక్కకన్నా ఇంకొంచెం ముందొచ్చాడు. ఆ మర్నాడు ఇంకొంచెం. మంచం కోళ్ళు చూసుకున్నారు. తీగ వదులైందేమో అని బిగించారు. ఊహూఁ. మళ్ళీ మాయమై మళ్ళీ వచ్చేసరికి ఏకంగా పావుగంట ముందు! ఆయన మంచం వేసుకునే లోపే తీగ దాటిపోయాడు. ఆ సాయంత్రం మెట్లు దిగుతున్న ఆయన మొహం నాకింకా గుర్తుంది. ఇంటికొచ్చిన చుట్టం గుమ్మంలో ఎవరూ లేరని తిరిగి వెళ్ళిపోతే ఉంటుందే, అలా ఉంది.

అదే రోజుల్లో ఇంకో మాట కూడా అన్నారు. పడమట దుమ్ము లేచి, మునిగే ముందు సూర్యుడు రాగి చెంబు అడుగులా ఎర్రగా కనిపిస్తాడు చూడండి, అప్పుడు మసి పట్టించిన గాజు ముక్కలోంచి చూస్తే సూర్యుడి మీద నల్ల మచ్చలు కనిపిస్తున్నాయట.

"మొన్న పై పక్కనుంది. ఇయ్యాల మధ్యకొచ్చింది. పెద్దదొకటి, దాని పక్కన చిన్నదొకటి. నువ్వు చూడు బిడ్డా, ఇదిగో గాజు ముక్క."

"చాల్లెండి బాబాయ్. అలా చూస్తే ఉన్న కళ్ళు కాస్తా పోతాయి" అని నేను గాజు ముక్క ముట్టుకోలేదు. సూర్యుడి మీద మచ్చలుంటాయని నేను పిల్లలకు చెప్పే పాఠంలోనే రెండు వాక్యాలున్నాయి. కానీ గురజాల మిద్దె మీంచి గాజు ముక్కతో ఒక గడియారాల సాయిబు వాటిని చూడగలడని ఆ పుస్తకంలో లేదు. పుస్తకంలో లేనిది ప్రపంచంలో ఉండదనుకునే వయసు నాది.

ఇక ఆ రోజు. ఉదయం బడికి బయల్దేరాను. ఆలస్యమైంది, హెడ్‌మిస్ట్రెస్ ఏమంటుందోనని చిరాగ్గా ఉన్నాను. కొట్టు ముందు అన్న కొడుకు నిలబడి ఉన్నాడు, ఇద్దరు వాయిదా మనుషులు కూడా ఉన్నారు. సాయిబు గారు క్యాలెండర్ కాయితాలు ముందు పరుచుకుని ఉన్నారు. నన్ను చూసి ఆయన కళ్ళలో వెలుగొచ్చింది.

"అదుగో టీచరమ్మ వచ్చింది. సైన్సు చదివిన మనిషి. ఆమె చెప్పిందే ఖాయం" అన్నారు అన్న కొడుకుతో. నా వైపు తిరిగి, "చెప్పమ్మా. నా గడియారం కరెక్టు. తీగ కరెక్టు. ముసాఫిర్ ముందెందుకొస్తున్నాడు? వాడే తొందరపడుతున్నాడా, నాకే చూపు తప్పిందా?" అన్నారు.

నాకు తెలియదు. తెలీదు అంటే అయిపోయేది. మూడక్షరాలు. నలుగురి ముందు, సైన్సు చదివిన మనిషి నోట్లోంచి ఆ మూడక్షరాలు ఊడిపడలేదు.

"ముందెలా వస్తుంది బాబాయ్?" అన్నాను. "అంత పైన గాలే ఉండదు. ఒకవేళ ఉందే అనుకుందాం, గాలి అడ్డం పడితే ఏ వస్తువైనా నెమ్మదిస్తుంది. ఎదురుగాలికి సైకిలు తొక్కితే ముందు చేరతామా, లేటుగా చేరతామా? అది వస్తే లేటుగా రావాలి గాని ముందు రావడానికి వీల్లేదు."

"వస్తున్నాడు గదమ్మా..."

"రావడం లేదు. మీకలా అనిపిస్తోంది. సూర్యుడి మీద మచ్చలు కనిపిస్తున్నాయన్నారే, అవి బయట లేవు, మీ కంట్లోనే ఉన్నాయి. శుక్లం మొదలయ్యుంటుంది. వెళ్ళి చూపించుకోండి."

గబగబా వెళ్ళిపోయాను. హెడ్‌మిస్ట్రెస్ ఏమీ అనలేదు. ఆమె కూడా ఆ రోజు లేటే.

సాయంత్రం వచ్చేసరికి కొట్టు మూసి ఉంది. వారం నుంచీ ఆయన దగ్గర బాగుకిచ్చిన నా వాచీ, కాయితంలో చుట్టి నా గది గడప మీద పెట్టి ఉంది. విప్పి చూశాను. ఆగిపోయిన చోటే ఆగి ఉంది. బాగుచేయకుండా ఆయన వాచీ తిరిగి ఇవ్వడం ఊళ్ళో అదే మొదటిసారి. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను, సిగ్గులేకుండా.

నెల తిరిగేసరికి ఆ మెట్ల కింద అంకెల వాచీలు వేలాడాయి. గోడ గడియారం తీసేశారు. వాయిదా మనుషులు "టైమెంత" అంటే అన్న కొడుకు ఠక్కున చెప్పేసేవాడు. సాయిబు గారు వెనక గదిలోనే ఉండేవారు. మూడు పూటలా అన్నం పెట్టేవాడు అన్న కొడుకు, కాదనను. మిద్దె మీద మంచం లేదు. తీగ మాత్రం ఉంది. నేను బట్టలు ఇష్టమొచ్చినప్పుడు ఆరేసుకునేదాన్ని, ఇష్టమొచ్చినప్పుడు తీసుకునేదాన్ని. ఆగు బిడ్డా అనే మనిషి లేడు. మెట్ల మీద ఎదురైతే "బాగున్నావా టీచరమ్మా" అనేవారు. బిడ్డా అనడం మానేశారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు సైన్సు టీచర్లకు గుంటూరులో శిక్షణ తరగతులు పెట్టారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం కునికిపాట్లు పడుతుంటే, కాలేజీ నుంచి వచ్చిన ఒక లెక్చరరు గారు సూర్యుడి గురించి మొదలుపెట్టారు. సుమారు పదకొండేళ్ళకోసారి సూర్యుడి మీద మచ్చలు బాగా పెరుగుతాయట. ఇప్పుడు అదే కాలమట. కొన్ని మచ్చలు ఎంత పెద్దవంటే, మునిగే పొద్దులో, మసి గాజులోంచి మామూలు కంటికే కనిపిస్తాయట.

నా నిద్ర ఎగిరిపోయింది.

అలాంటప్పుడు సూర్యుడి నుంచి కంటికి కనపడని కిరణాలు ఎక్కువగా వస్తాయట. కింద మనకు ఎండ పెరిగినట్టు కూడా అనిపించదు. కానీ ఎక్కడో పైన, గాలి ఉందా లేదా అన్నంత పలచగా ఉండే చోట, ఆ పలచటి గాలి వేడెక్కుతుంది. మంట పెంచితే పాలు పొంగినట్టు పైకి పొంగుతుంది. నిన్నటిదాకా ఖాళీగా ఉన్న ఎత్తులో ఇవాళ గాలి చేరుతుంది. అక్కడ తిరిగే శాటిలైట్లు ఆ గాలిని రాసుకుంటూ పోవాలి.

నేను లేచి నిలబడ్డాను. "అప్పుడవి లేటుగా వస్తాయా సార్?"

ఆయన నవ్వారు. "అందరూ అలాగే అనుకుంటారమ్మా. ముందొస్తాయి. గాలి దాని బలం లాగేస్తుంది, అది కిందికి జారుతుంది. కిందికి దిగేకొద్దీ చుట్టూ తిరిగే బాట చిన్నదవుతుంది, వేగం కూడా పెరుగుతుంది. పడిపోతున్న శాటిలైటు రోజురోజుకీ అనుకున్న టైముకన్నా ముందొస్తుంది."

ఆ మచ్చలూ, ఆ ముందు రావడమూ రెండూ ఒకటే సంగతి. రెంటినీ ఆ ముసలాయన మెట్ల కింద కూర్చుని పట్టుకున్నాడు. రెంటినీ నేను ఆయన కంట్లోకే తోశాను.

ఆఖరి రోజు సర్టిఫికెట్లిస్తారన్నా ఆగకుండా బస్సెక్కేశాను. సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, ప్రతి స్టాపులోనూ ఆగి చచ్చింది ఆ బస్సు. సంచీ కూడా దింపకుండా ఆయన గది ముందు నిలబడ్డాను. ఆయన మంచం మీద కూర్చుని సాసర్లో టీ పోసుకుని తాగుతున్నారు.

"బాబాయ్, తప్పు నాది. మీ కళ్ళు బాగున్నాయి. మచ్చలు సూర్యుడి మీదే ఉన్నాయి. ముసాఫిర్ నిజంగానే ముందొస్తున్నాడు. నాకు తెలియక వాగాను."

ఉన్నదంతా చెప్పాను. పొంగే పాలు, జారడం, చిన్నదయ్యే బాట. ఆయన రెండోసారి చెప్పించుకున్నారు. తర్వాత సాసరు కింద పెట్టి, "అది నాకు తెలుసులేమ్మా" అన్నారు.

"తెలిస్తే మరి కొట్టెందుకిచ్చేశారు?" అని గయ్యిమన్నాను. ఏడుపొస్తే నాకు కోపంగానే వస్తుంది.

"కళ్ళు నీ మాట ఒక్కరోజు కూడా నమ్మలా. చెయ్యి నమ్మింది." అరచెయ్యి తెరిచి చూపించారు. "నువ్వు బడికి పొయినాక చిమటా పట్టుకున్నా, నీ వాచీకే. నీకు నిజంగా కనపడతందా అని చెయ్యి నన్నడిగింది. అట్టా అడిగే చెయ్యి వణికిద్ది గదా. వణికే చెయ్యితో వాచీ ముట్టకూడదు. అంతే, నీదేం లేదు."

నీదేం లేదట! నాలుగు తిట్టినా బాగుండేది. సంచీలోంచి వాచీ తీసి ఆయన ముందు పెట్టాను. ఇప్పుడు తెలిసింది కదా, ఇప్పుడు చెయ్యండి బాబాయ్ అని బతిమాలాను. ఆయన భూతద్దం కంటికి పెట్టుకున్నారు, చిమటా తీశారు. వెనక మూత తీయడం దాకా వచ్చారు. చెయ్యి మాత్రం నిలవలేదు. మూత మళ్ళీ బిగించి ఇచ్చేశారు.

చిమటా పక్కన పెట్టి అడిగారు. "కిందికి జారుతున్నాడన్నావు. ఎందాకా?"

నేను వాచీ సంచీలో పెట్టుకున్నాను.

"చెప్పమ్మా."

"ఇంకా కిందికి వస్తే గాలి చిక్కబడుతుంది బాబాయ్. ఆ రాపిడికి కాలిపోతుంది."

"ఎవరన్నా ఉన్నారా దాంట్లో?"

"లేరు. ఉత్త యంత్రం."

"ఇన్నేళ్ళూ ఎవరూ లేకుండానే తిరిగాడా!" అని కిటికీలోంచి పైకి చూశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు, "నా కళ్ళే పొయినయ్యంటే బాగుండేది బిడ్డా."

మళ్ళీ బిడ్డా అన్నారు. ఆ మాట కోసం అంత దూరం నుంచి వచ్చాను గాని, ఆ వాక్యంలో వింటాననుకోలేదు.

ఆ సాయంత్రం నేనే మంచం పైకి మోశాను. సుద్ద గుర్తులు సగం చెరిగిపోతే ఆయన చెయ్యి పెట్టి తడిమి మళ్ళీ గీయించారు. జేబు గడియారం నాకిచ్చారు, నొక్కేది నన్నే నొక్కమన్నారు. ఆయన చూసి "ఊఁ" అంటే నేను నొక్కాలి. కొన్ని రోజులకు వచ్చాడు ముసాఫిర్, ఆయన కొత్తగా కట్టిన లెక్కకన్నా కూడా ముందు. ఇదివరకటికన్నా కాంతిగా ఉన్నాడు, పరుగులో ఉన్నాడు. "చూడు, ఎంత తొందరో" అనేవారాయన. ఆ వారం రోజులూ ఇద్దరం రోజూ వేళకన్నా ముందే మిద్దె ఎక్కి కూర్చున్నాం. నా జీవితంలో నాకోసం కాకుండా ఒకరితో కూర్చుని ఎదురుచూసిన సాయంత్రాలు అవే.

మళ్ళీ మాయమయ్యాడు. మళ్ళీ వచ్చే విడతకు గంటన్నర ముందే వెళ్ళి కూర్చున్నాం, ఎందుకైనా మంచిదని. వెలుతురు పోయింది. ఒక్కొక్క నక్షత్రమే వచ్చింది. ఏదీ కదల్లేదు. మర్నాడు కూడా అంతే. మూడో రోజు ఆయన లెక్క ప్రకారం రావాల్సిన టైము దాటిపోయాక, నేను ఆయన మొహం చూడలేక, "ఇంకాస్సేపు చూద్దాం బాబాయ్. ఇవాళ లేటేమో" అన్నాను.

"ముందొచ్చేవాడు లేటు కాడమ్మా" అన్నారు. "రాడు, అంతే."

లేచారు. తీగ ఒక కొస విప్పారు, వణికే చేత్తో చాలాసేపు పట్టింది, నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు. మోకాళ్ళ మీద కూర్చుని పైతువాలుతో నాలుగు సుద్ద గుర్తులూ తుడిచేశారు. మంచం నేను దింపాను.

తర్వాతి వేసవిలో నాకు బదిలీ అయింది. వెళ్ళేటప్పుడు చెప్పడానికి గది దగ్గరికి వెళితే ఆయన జేబు గడియారాన్ని నా చెవి దగ్గర పెట్టారు. విని, తల ఊపాను. ఆయన పోయిన సంగతి రెండేళ్ళ తర్వాత క్రోసూరులో ఒక పెళ్ళిలో, వడ్డనల మధ్య ఎవరో మాటవరసకు అన్నారు. పోయి చాలాకాలమైందట. ఆ వాచీ నేను ఇంకెవరికీ బాగుకివ్వలేదు.

"మామ్మా, గంటయింది, లెగండి. అదేంది, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు? చెవి నొప్పా?" అని నర్సు పిల్ల లేపింది.

లోపల డాక్టరమ్మ చిన్నపిల్ల, నాకు కూతురి ఈడు. లైటు వేసి రెండు కళ్ళూ చూసింది. నల్ల మచ్చలు కనిపిస్తున్నాయమ్మా అని చెప్పాను, కదులుతున్నాయని కూడా చెప్పాను.

"అవి బయట లేవు మామ్మా, మీ కంట్లోనే ఉన్నాయి. శుక్లం కూడా ముదిరింది" అంది, కాయితం మీద ఏదో రాసుకుంటూ.

ఆ రోజు నేను బాబాయ్‌తో అన్న మాటే, ఒక్క అక్షరం తేడా లేదు. నా విషయంలో ఆ పిల్ల చెప్పింది నిజమే, నాకు తెలుసు.

"నిజమేనమ్మా" అన్నాను. "కానీ ఇంకెవరికన్నా ఈ మాట చెప్పేటప్పుడు, ముందొకసారి కిటికీ తీసి బయట చూసి చెప్పు."